మా గెడ్డలో ఎడమ నోటి నత్తలు, ఎవరికైనా తెలుసా?

నమస్తే అండి, మాది వైజాగ్, అడవివరం వైపు. ఇంటి వెనకాల సింహాచలం కొండ మీంచి దిగే చిన్న గెడ్డ ఉంది, ఈ వానాకాలం నుంచి అందులో ఏ రాయి ఎత్తినా చిటికెనవేలి గోరంత నత్తలే. ఒకటి తీసి మొన పైకి పెట్టి నోరు నా వైపు తిప్పి చూశా, ఆ నోరు ఎడమ పక్కకి ఉంది, మూత లేదు, గుల్ల తేనె రంగులో మెరుస్తా నొక్కితే చిట్లిపోయేంత పల్చగా ఉంది. చిన్నప్పుడు ఇక్కడే చూసిన కోను నత్తలకి నోరు కుడి పక్కనే ఉండేది.

ఇది ఫైసా అక్యూటా అని నా అనుమానం, ఉత్తర అమెరికాది, అక్వేరియం మొక్కలతో పాటు దేశాలు దాటేసింది. ఆడా మగా రెండూ దాన్లోనే, ఒక్కటి మిగిలినా గుడ్లు పెట్టగలదు, పైకొచ్చి గాలి పీల్చుకుంటది కాబట్టి మురికినీళ్లలోనూ బతికేస్తది. సిగ్గుగానే ఉంది గానీ చెప్తున్నా, పోయినేడు ఫిష్ ట్యాంక్ తీసేసినప్పుడు మొక్కలూ నీళ్లూ ఆ గెడ్డలోనే పారబోశా. అమ్మ అప్పుడే తిట్టింది.

నోరు ఎడమకి ఉంటే అదే అనుకోవచ్చా, ఇంకేమైనా చూడాలా? రాళ్లకి అంటుకున్న జిగురు గుడ్ల ముద్దలు గీకి ఎండలో పడేస్తే తగ్గుతాయా? పక్కింటాయన మైలుతుత్తం కొట్టెయ్యమంటున్నారు, దాంతో చేపలు, కప్పపిల్లలు కూడా పోతాయి కదండీ, నాకిష్టం లేదు. కింద బాతులు మేస్తాయి, వాటికేమన్నా అవుద్దా? జువాలజీ వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఫొటోలు పెడతా.