సీవీటీ కారు ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ హోరు మామూలేనా?

అందరికీ నమస్కారం. పదేళ్లు మాన్యువల్ గేరు బండి నడిపి, నాలుగు నెలల కిందట సీవీటీ (ఒక రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఉన్న సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొన్నాను. మొన్న ఇంటిల్లిపాదీ అయిదుగురం అరకు వెళ్లాం. ఘాట్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ఆర్‌పీఎం ముల్లు 4 వేలు దాటి అక్కడే నిలబడిపోయింది. హోరు ముందొచ్చింది, వేగం మెల్లగా తర్వాత వచ్చింది. పాత బండిలో క్లచ్ ప్లేట్లు అరిగినప్పుడు అచ్చం ఇలాగే ఉండేది, అందుకే భయం పట్టుకుంది.

నాకు అర్థమైనంతలో ఇందులో ఒకటి, రెండు, మూడు అని గేర్లు ఉండవు. రెండు పుల్లీలు, వాటి మధ్య స్టీలు బెల్టు. ఒక్కో పుల్లీకి ఎదురెదురుగా రెండు శంకువు ముక్కలు. అవి దగ్గరైతే బెల్టు అంచువైపు పైకెక్కుతుంది, దూరమైతే లోపలికి దిగుతుంది. ఒకవైపు ఎక్కుతుంటే రెండోవైపు దిగుతుంది, అలా గేరు నిష్పత్తి మెట్లు లేకుండా మారుతుంది. (ఆ బెల్టులో వందల స్టీలు పలకలు ఒకదాన్నొకటి నెడుతూ శక్తిని పంపుతాయి, లాగుతూ కాదు. చాలా అందమైన ఆలోచన!) బలం కావలసినప్పుడు ఇంజన్‌ను ఎక్కువ ఆర్‌పీఎంలోనే ఉంచి పుల్లీలను మారుస్తుంది కదా, ఆ హోరు అందుకేనా? నిజంగా బెల్టు జారుతుంటే తేడా ఎలా తెలుస్తుంది?

ఇంకొకటి. బండి 60 వేల కిలోమీటర్లు తిరిగింది, సీవీటీ ఆయిల్ మార్చినట్టు సర్వీసు పుస్తకంలో ఎక్కడా లేదు. మా మెకానిక్ ముట్టుకోవద్దంటున్నాడు. నాకేమో మార్చడమే మంచిదనిపిస్తోంది. ఘాట్‌లలో తరచూ సీవీటీ నడిపేవాళ్లు దయచేసి చెప్పండి: మీరు ఎన్ని కిలోమీటర్లకు మార్చారు? దిగేటప్పుడు లివర్‌ను 'L' (లో గేరు) స్థానంలో పెడతారా?