క్వాంటస్–అలయన్స్ విలీనాన్ని ఆపారు సరే, గని విమానాల్లో పోటీ మిగిలిందా?

ఎర్రమన్ను

ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి పిల్బరా ఇనుప గనులకూ, బ్రిస్బేన్ నుంచి క్వీన్స్‌లాండ్ బొగ్గు గనులకూ వారం పదిరోజుల రోస్టర్ల మీద కార్మికుల్ని తీసుకెళ్లి తీసుకొచ్చే ఫిఫో (ఫ్లై-ఇన్ ఫ్లై-అవుట్) చార్టర్ల గురించి, అంటే గనులు అద్దెకు తీసుకునే విమానాల గురించి, ఈ చర్చ. తెలియనివాళ్ల కోసం పూర్వరంగం క్లుప్తంగా: పెద్ద ఎయిర్‌లైన్ క్వాంటస్ 2011లో పెర్త్‌కు చెందిన చార్టర్ కంపెనీ నెట్‌వర్క్ ఏవియేషన్‌ను కొంది. 2013లో దాని పోటీ ఎయిర్‌లైన్ వర్జిన్, పెర్త్‌కే చెందిన స్కైవెస్ట్‌ను కొంది. 2019లో క్వాంటస్, గని చార్టర్లు నడిపే అలయన్స్ ఎయిర్‌లైన్స్‌లో 19.9 శాతం వాటా తీసుకుంది, 2022 మేలో మిగతాదంతా కొంటానంది. పోటీ నియంత్రణ సంస్థ ఏసీసీసీ 2023 ఏప్రిల్‌లో వద్దంది. ఆ అక్టోబరులో ఇద్దరూ ఒప్పందం రద్దు చేసుకున్నారు.

నా మటుకు ఏసీసీసీ చేసింది నూటికి నూరుపాళ్లు సరైనదే. గని టెండరు వేస్తే వంద సీట్ల జెట్‌తో, సరిపడా పైలట్లతో, రిజర్వు విమానంతో ముందుకు రాగలవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందులో ఇద్దరు ఒక్కటైతే మిగిలేది టెండరు కాదు, ధర చెప్పించుకోవడం. కాదనేవాళ్లు అంకెలతో రండి.

లెక్కతప్పదు

వచ్చాను. మీరు చెప్పే పోటీ కాగితం మీదే ఉంది. క్వాంటస్‌కు ఈ190 విమానాలను పైలట్లతో సహా వెట్ లీజుకు ఇస్తున్నది ఎవరు? అలయన్సే. 2021లో మూడింటితో మొదలైన ఆ ఏర్పాటు 30 దాకా తీసుకునే హక్కు వరకూ పెరిగింది. తన ఆదాయంలో పెద్ద ముక్క ఎవరి దగ్గర్నుంచి వస్తుందో ఆ కంపెనీతోనే గని టెండర్లో గట్టిగా ధర తెగ్గొట్టి పోరాడుతుందని నమ్మమంటారా? పైగా ఆ 19.9 శాతం ఉండగా వేరేవాళ్లు అలయన్స్‌ను కొనడం కూడా కష్టమే. పెళ్లి ఆపారు, కాపురం ఆపలేదు.

ఇక విమానాల సంగతి. ఈ చార్టర్లలో తిరిగే ఫోకర్ 100 జెట్లు చేసిన ఫోకర్ కంపెనీ 1996లోనే దివాలా తీసింది. ఫోకర్ 100లు నడిపేవాళ్లంతా పాత విమానాల్ని విప్పి విడిభాగాలు తీసుకుంటూ లాక్కొస్తున్నారు. క్వాంటస్ తన నెట్‌వర్క్ ఏవియేషన్‌లో ఫోకర్ల స్థానంలోకి ఎ319, ఎ320 తెస్తోంది. వర్జిన్ 2024లో ఎనిమిది ఈ190-ఈ2లకు ఆర్డరిచ్చింది. ఇదంతా కోట్ల డాలర్ల వ్యవహారం. చిన్న కంపెనీ దగ్గర అంత డబ్బుండదు. విలీనమైతే ఆ భారం పంచుకునేవారు.

ఎ320 గంటకు సుమారు 2.5 టన్నుల ఇంధనం తాగుతుంది, సీట్లు 180. ఫోకర్ 100 సుమారు 2.3 టన్నులు, సీట్లు 100. సీటుకు గంటకు 14 కిలోలకూ 23 కిలోలకూ తేడా మీరే చూడండి.

టే650

లెక్కతప్పదు గారూ, సీట్ల లెక్క కాదు, కూర్చున్న మనుషుల లెక్క కావాలి. షిఫ్టు మారే రోజు ఒక గనికి 100 మందే ఉంటే ఎ320లో తలకు గంటకు 25 కిలోలు పడుతుంది, ఫోకర్ కంటే ఎక్కువ. ఎ320 గెలవాలంటే ప్రతి ట్రిప్పులో దాదాపు 110 మంది దాటాలి, అదీ పోను రాను రెండు వైపులా. న్యూమన్, కరాతా లాంటి చోట్లకు సరిపోతుంది. ఒంటరి గనికి సరిపోదు.

అసలు చిక్కు బరువుల్లో ఉంది. ఫోకర్ 100తో పెర్త్ నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న గనికి వెళ్లి రావడం తీసుకోండి. ఒక్కో వైపు గంటా నలభై నిమిషాలు. ఖాళీ విమానం సిబ్బందితో కలిపి సుమారు 25 టన్నులు. వంద మంది, వాళ్ల బ్యాగులు, స్టీలు టో బూట్లు, పనిముట్లు కలిపి 10 టన్నులు. అంటే 35. ఎగిరేటప్పుడు ఉండగల గరిష్ఠ బరువు సుమారు 45.8, కాబట్టి పది టన్నుల ఇంధనం పట్టినట్టే కనిపిస్తుంది. రానుపోను 7.8 టన్నులు ఖర్చు, రిజర్వుతో పదికి దగ్గర. అన్నీ సరిపోయాయనుకుంటారు.

సరిపోవు. గని దగ్గర దిగేసరికి దాదాపు 4 టన్నులే కాలుతుంది. ఇంకా 6 టన్నులు రెక్కల్లో ఉంటుంది. దిగే బరువు 41 టన్నులు. ఫోకర్ 100 గరిష్ఠ ల్యాండింగ్ బరువు సుమారు 39.9. ఒక టన్నుకు పైగా ఎక్కువ, అంటే పన్నెండు మందిని పెర్త్‌లోనే వదిలెయ్యాలి, లేదా గని దగ్గర ఇంధనం దొరకాలి. దొరికే చోట ఈ తంటా లేదు. గని కంపెనీ సొంత స్ట్రిప్ (చిన్న రన్‌వే) మీద ట్యాంకు, బౌజరు (ఇంధనం నింపే లారీ), ఇంధనం నాణ్యత పరీక్షించే శిక్షణ పొందిన మనిషి, అన్నీ పెట్టాలి.

దీనికితోడు శీతాకాలం తెల్లవారుజామున పెర్త్‌లో పొగమంచు. దగ్గర్లో పెద్ద ప్రత్యామ్నాయ విమానాశ్రయం లేదు. కల్గూర్లీ 500 కిలోమీటర్ల పైమాటే. అక్కడికి మళ్లే ఇంధనం వేసుకోవాలంటే ఇంకో రెండు టన్నులు. వేసవిలో 40 డిగ్రీల వేడికి రన్‌వే పొడవు కూడా చాలదు, మళ్లీ సీట్లు కోత. వంద సీట్లన్న కొటేషన్ జనవరి మధ్యాహ్నం ఎన్ని సీట్లవుతుందో టెండర్లో అడగని గనులున్నాయంటే ఆశ్చర్యమే.

గోదారిగట్టు

మన దగ్గరా ఇలాంటిది ఉంది కదా. కేజీ బేసిన్ ఆఫ్‌షోర్ రిగ్గులకు ఓఎన్‌జీసీ రాజమండ్రి నుంచి హెలికాప్టర్లు నడుపుతుంది, 14 రోజులు డ్యూటీ 14 రోజులు సెలవు. 1985లో పవన్ హన్స్‌ను పెట్టిందే ప్రధానంగా ఓఎన్‌జీసీ అవసరాల కోసం. తర్వాత ప్రైవేటువాళ్లూ వచ్చారు. అక్కడ అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికే టెండరు. ఆస్ట్రేలియాలోనూ అంతేనా?

కాంట్రాక్టుచదువరి

అంతే అనుకుంటారు గానీ కాదండీ. మొదటి జల్లెడ భద్రత. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ 2010లో గని కంపెనీలతో కలిసి తెచ్చిన బార్స్ ప్రమాణం ప్రకారం ఆడిట్ అయి ఉండాలి. అందులో నిలబడకపోతే ధర కవరు తెరవరు.

ఇక ధర. మామూలు ఫిఫో కాంట్రాక్టులో ఒక స్థిర రుసుము ఉంటుంది: విమానం, పైలట్లు, బీమా, హ్యాంగర్. దాని మీద ఎగిరిన గంటకు ఇంత. ఇంధనం అసలు ధరకే గని ఖాతాలోకి. విడిభాగాలు అమెరికన్ డాలర్లలో కొనాలి కాబట్టి మారకపు రేటు సర్దుబాటు ఇంకొకటి, ద్రవ్యోల్బణానికి వేరే. అంటే నిజంగా పోటీ జరిగేది స్థిర రుసుము మీదా గంట రేటు మీదా మాత్రమే. పై లెక్కలు వేసిన ఇద్దరూ ఇంధనం గురించే కొట్టుకుంటున్నారు, దాన్ని భరించేది ఎయిర్‌లైన్ కాదు. అందుకే పాత ఫోకర్లు ఇంతకాలం బతికాయి: కొనుగోలు ఖర్చు తక్కువ కాబట్టి స్థిర రుసుము తక్కువ, తాగుడు ఖర్చు గనిది.

ఎర్రమన్ను గారూ, మీరు టెండరుకు ఎంతమంది వస్తారని లెక్కపెడుతున్నారు. ఎందుకు రారో చూడండి. గనులు టెండరు మూడు నాలుగు నెలల ముందు పిలుస్తాయి. కొత్తవాడు సెకండ్ హ్యాండ్ ఈ190 కొన్నాడనుకోండి. పెద్ద చెకప్, రిజిస్ట్రేషన్ మార్పు, కేబిన్ పని, భద్రతా సంస్థ కాసా అనుమతి. పైలట్లకు టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత), ఆపైన లైన్ ట్రైనింగ్ (మామూలు ట్రిప్పుల్లో శిక్షణ) కలిపి రెండు మూడు నెలలు, అదీ సిమ్యులేటర్ ఖాళీ దొరికితే. ఏడాది లేకుండా కాదు. కాబట్టి గెలిచేది ఇప్పటికే నడుపుతున్నవాడే. ఏసీసీసీ ఎన్ని విలీనాలు ఆపినా ఈ నాలుగు నెలల గడువు మారకపోతే ఒరిగేది శూన్యం.

గని తలుచుకుంటే చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి. ఏడాది ముందు టెండరు, మూడేళ్లకు బదులు ఐదేళ్ల కాలపరిమితి. అప్పుడు బ్యాంకు ఆ కాంట్రాక్టు చూసి విమానానికి అప్పిస్తుంది. స్ట్రిప్ మీద మెట్లు, నేల మీద కరెంటిచ్చే గ్రౌండ్ పవర్ యూనిట్, ఇంజిన్ స్టార్టుకు గాలి ఇచ్చే ఎయిర్ స్టార్ట్ యూనిట్, లగేజి బెల్టు గనే కొని పెట్టుకోవడం. ఇవి ఎయిర్‌లైన్ సొంతమైతే కాంట్రాక్టు మారినప్పుడు సామాను కూడా వెళ్లిపోతుంది, కొత్తవాడు మళ్లీ లారీల్లో వెయ్యి కిలోమీటర్లు తోలాలి.

టే650

ఎయిర్ స్టార్ట్ యూనిట్ మాట ఎత్తారు కాబట్టి చెప్పాలి. ఫోకర్ తోకలోని ఏపీయూ (చిన్న సహాయక ఇంజిన్) పాడైతే ఇంజిన్ స్టార్ట్ చెయ్యడానికి గాలి రాదు. స్ట్రిప్ మీద యూనిట్ లేకపోతే ఒక ఇంజిన్ ఆపకుండా నడుపుతూనే మనుషుల్ని దించి ఎక్కించాలి, లేదా ఆ ట్రిప్పు రద్దు. ఏపీయూ లేకుండా 42 డిగ్రీల్లో నేల మీద ఏసీ కూడా ఉండదు. యూనిట్ కొని పెట్టినా నెలకోసారి నడిపి చూడకపోతే అవసరం వచ్చిన రోజున బ్యాటరీ డౌన్. ఎక్కువ చోట్ల జరిగేది ఇదే.

ఎర్రమన్ను

కాంట్రాక్టుచదువరి గారి మాట నా వాదనకే బలం. కొత్తవాడు రావడానికి ఏడాది పడుతుందన్నప్పుడు, ఇప్పటికే ఉన్నవాళ్లలో ఒకణ్ని తగ్గించడం ఎంత నష్టమో ఆలోచించండి. పోయినవాణ్ని తిరిగి పుట్టించలేం. వెట్ లీజు సంగతి: ఆ ఈ190లు క్వాంటస్ మామూలు రూట్లలో తిరుగుతున్నాయి. గని కాంట్రాక్టులో అలయన్స్ తన పేరుతో, తన ధరతో వేరుగా బిడ్ వేస్తుంది. ఆ వేరు బిడ్డే గని చేతిలో బేరానికి పనికొచ్చేది.

2024 ఫిబ్రవరిలో నెట్‌వర్క్ ఏవియేషన్ పైలట్లు 24 గంటల సమ్మె చేశారు. రెండు కంపెనీలూ ఒకే గొడుగు కింద ఉంటే అలాంటి రోజున గని ఎవరికి ఫోన్ చెయ్యాలి?

అన్నట్టు, 2026 జనవరి 1 నుంచి పరిమితి దాటిన విలీనాలను ఏసీసీసీకి ముందే తెలియజేయడం తప్పనిసరి. ఇదివరకు అది స్వచ్ఛందం.

లెక్కతప్పదు

సమ్మె రోజున అలయన్స్ దగ్గర ఖాళీ విమానాలు వరసగా నిలబెట్టి ఉంటాయా? మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం ఐదింటి నుంచి ఏడింటి లోపల అందరి విమానాలూ ఒక్కసారే లేస్తాయి. ఆ రెండు గంటల కోసమే అన్ని విమానాలు కావాలి. శనివారం చూస్తే ఎండలో నిలబడి ఉంటాయి. పోటీదారులు ఇద్దరున్నా ముగ్గురున్నా ఆ పొద్దుటి పూట ఖాళీ ఎవరి దగ్గరా ఉండదు.

ప్రాంతీయ ఎయిర్‌లైన్ రెక్స్ సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. 2022లో కోబ్‌హామ్ నుంచి నేషనల్ జెట్ ఎక్స్‌ప్రెస్ కొని ఈ రంగంలోకి వచ్చింది, మంచి పోటీ అన్నారు. 2024 జులైలో రెక్స్ వాలంటరీ అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే అప్పులు తీర్చలేక బయటి నిర్వాహకుల చేతికి, పోయింది. ఫిఫో విభాగం దాని బయటే ఉండిపోయింది, ఎందుకంటే డబ్బు వచ్చేది అక్కడే. ముంచింది నగరాల మధ్య బోయింగ్ 737ల సరదా. చిన్న కంపెనీలు మిగిలినంత మాత్రాన గనికి భద్రత ఉండదు.

పోర్ట్‌హెడ్లండ్‌వాసి

మీరంతా గని వైపు నుంచే మాట్లాడుతున్నారు. ఊళ్లో ఉండేవాళ్ల టికెట్టు సంగతి? గనులు సొంత స్ట్రిప్‌లకు నేరుగా చార్టర్లు నడిపితే ఊరి విమానాశ్రయంలో మామూలు విమానాలకు మనుషులు తగ్గుతారు, ల్యాండింగ్ రుసుములూ తగ్గుతాయి, సర్వీసులూ తగ్గుతాయి. 2022 జులై నుంచి పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం స్థానికులకు ఒక వైపు టికెట్టు వెయ్యి కిలోమీటర్ల లోపు 199 డాలర్లు, ఆపైన 299 అని పరిమితి పెట్టింది. తేడా ప్రభుత్వ ఖజానా భరిస్తుంది. చార్టర్లలో పోటీ ఎంత పెరిగితే ఈ బిల్లు అంత పెరగొచ్చు. ఈ కోణం ఏసీసీసీ తీర్పులో మాకు పనికొచ్చేంత లేదు.

కాంట్రాక్టుచదువరి

లెక్కతప్పదు గారు చెప్పిన పొద్దుటి రద్దీలోనే విరుగుడూ ఉంది. రోజుకు ఒక్క ట్రిప్పు తిరిగే విమానం మూడు ట్రిప్పులు తిరిగితే స్థిర రుసుము మూడు గనుల మధ్య పంచుకోవచ్చు. అప్పుడు రెండే విమానాలున్న చిన్న కంపెనీ కూడా బిడ్ వెయ్యగలదు. దానికి గనులు మధ్యాహ్నం ట్రిప్పుకు ఒప్పుకోవాలి, షిఫ్టు మార్పు సోమ, శుక్రవారాలకూ విస్తరించాలి.

ఎర్రమన్ను

కాగితం మీద బాగుంది. మధ్యాహ్నం దిగినవాడు సాయంత్రం ఆరింటికి రాత్రి షిఫ్టు ఎక్కాలంటే నిద్ర ఎప్పుడు? అలసట నిబంధనలు ఒప్పుకోవు.

కాంట్రాక్టుచదువరి

రాత్రి షిఫ్టువాళ్లను పొద్దున్నే పంపండి, పగటి షిఫ్టువాళ్లను మధ్యాహ్నం పంపండి. వాళ్లు ఆ రాత్రి పడుకుని మర్నాడు ఆరింటికి ఎక్కుతారు. క్యాంపు గదులకూ ఇదే నయం: పొద్దున వెళ్లినవాళ్ల గది శుభ్రం చెయ్యడానికి టైం దొరుకుతుంది. నష్టం ఒక పూట జీతం. దాన్ని విమానం స్థిర రుసుములో తగ్గిన దానితో పోల్చి చూడాలి. చాలా గనుల్లో ఈ రెండు లెక్కలు వేరువేరు విభాగాల బడ్జెట్లలో ఉంటాయి, కాబట్టి ఎవరూ పోల్చరు.

టే650

మూడో ట్రిప్పుకు ముందు స్ట్రిప్ మీద రన్‌వే లైట్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. చిన్న స్ట్రిప్‌లలో పైలట్ రేడియో బటన్ నొక్కితే వెలిగే లైట్లే ఉంటాయి. అవి వెలగకపోతే జూన్‌లో సాయంత్రం ఆరు దాటాక దిగే దారి లేదు. టవర్ కూడా ఉండదు. ఒకే పావుగంటలో ఇద్దరు ఆపరేటర్లు వస్తే రేడియోలో మాట్లాడుకుని ఎవరు ముందో వాళ్లే తేల్చుకోవాలి. పార్కింగ్ ఒక్క జెట్‌కే ఉన్న స్ట్రిప్‌లో రెండోవాడు పైన తిరుగుతూ ఇంధనం కాలుస్తాడు. ఇద్దరు ఆపరేటర్లు కావాలనే గని ముందు రెండో పార్కింగ్ బే పోయించాలి, ఎ320 వచ్చేట్టయితే 75 టన్నులు మోసే మందంతో.