ఊరి చరిత్ర మీద జోకులు: పాడ్‌కాస్ట్‌కి ముందే రాసుకోవాలా, వద్దా?

కాగితం_పెన్ను:
ఇద్దరు కమెడియన్లు కూర్చుని సినిమా, ప్రయాణం, తిండి, ఊరి చరిత్ర అంటూ ఎటు పడితే అటు పోయే పాడ్‌కాస్టుల గురించే అడుగుతున్నా. సినిమా, తిండి దగ్గర నోటికొచ్చింది మాట్లాడినా నడిచిపోతుంది. చరిత్ర దగ్గరే బండి బోల్తా. "అప్పట్లో ఒక రాజు ఉండేవాడు..." అని మొదలెట్టి నీళ్లు నములుతారు. నా లెక్కలో ఆ భాగం వరకు రాసుకుని తీరాలి.

హైదరాబాద్‌లో మూసీ మీదున్న పాత వంతెన, పురానాపూల్ కథే తీసుకోండి. గోల్కొండ యువరాజు మహమ్మద్ కులీ కుతుబ్ షా ప్రియురాలు భాగమతి కోసం మూసీ వరదలోకి గుర్రం దూకించాడని, కొడుకు ఎక్కడ మునిగిపోతాడోనని తండ్రి ఇబ్రహీం వంతెన కట్టించాడని చెబుతారు. వంతెన 1578 నాటిది. కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. అంటే మన ప్రేమికుడికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి! ఆ రెండు అంకెలూ చేతిలో లేకపోతే జోకే లేదు.

గోదారి_గట్టు:
అంకెలు ఉండాలండి, కాదనను. ఇద్దరి చేతుల్లోనూ ఉంటేనే చెడుతుంది. ముందే తెలిసిన జోకుకి నవ్వే నవ్వు వినేవాళ్లకి ఇట్టే దొరికిపోద్ది. చీటీ ఒక్కడికే ఇవ్వండి. దాని మీద "వంతెన 1578, పుట్టుక 1565", అంతే. రెండోవాడి చేత గుర్రం, వరద, ప్రేమ మొత్తం చెప్పించి, వాడు గాల్లో తేలుతున్నప్పుడు "ఇంతకీ అబ్బాయి వయసెంత?" అని మెల్లగా అడగాలి. వయసు ముందే చెప్పేస్తే టపాకాయ తడిసినట్టే.

తిండికి అసలు చీటీయే వద్దు, కాకపోతే తెలిసుండాలి. ఉత్తినే "కాజా" అంటే ఎవరూ నవ్వరు. తాపేశ్వరం మడత కాజా పొరలు పొరలుగా ఊడొస్తుంది. కాకినాడ గొట్టం కాజా కొరికితే లోపలి పాకం చొక్కా మీదకి దిగుతుంది. ఏ కాజాకి ఏ చొక్కా వేసుకోవాలన్న దగ్గర మొదలెడితే పావుగంట దానంతటదే పోద్ది.

చాయ్_పౌనా:
అన్నా, భాగమతి ఉన్నదా లేదా అన్నదే తేలలే. చరిత్ర రాసినోళ్లల్ల షేర్వానీ గారు ఉత్త కథ అన్నరు, నరేంద్ర లూథర్ గారు ఉన్నదన్నరు. మీరు వయసు జోకేస్తే కథ నిజమని ఒప్పుకున్నట్టే గదా? చార్మినార్ గూడ గంతే. ప్లేగు పోయినందుకు కట్టిన్రని ఒకరు, హిజ్రీ వెయ్యో ఏడు వచ్చిందని కట్టిన్రని ఇంకొకరు. ఆ ఏడు 1591 అక్టోబర్ల షురూ అయింది, అది మాత్రం లెక్కకు పక్కా. మనకు "అంట" అనే మాట ఉన్నది, దాన్ని వాడుర్రి. "కట్టిండు" అంటె పాఠం, "కట్టిండంట" అంటె ముచ్చట.

కాగితం_పెన్ను:
ఒప్పుకోవడం ఎలా అవుతుంది? ఆ అంకె పడగానే కూలేది కథే. చీటీ ఒకరికే అన్న మాట మాత్రం బాగుంది, అక్కడ నేను తగ్గుతా.

మైకు_మూల:
రాసుకున్నా, రాసుకోకున్నా రికార్డింగ్‌లో నవ్వు శబ్దం మరీ ఎక్కువై పగిలిపోతే వినేదెవరు? చాలామంది మామూలు మాటకి లెవెల్ చూసుకుని వదిలేస్తారు. నవ్వు దానికి ఎన్నో రెట్లు. రికార్డింగ్‌కి ముందు ఇద్దరినీ పగలబడి నవ్వమనండి, అప్పుడు మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట) తగ్గించండి. దగ్గరి గొంతునే బాగా పట్టే డైనమిక్ రకం మైకు వాడండి, నోటికి నాలుగు వేళ్ల దూరం. రెండు మైకుల మధ్య ఆ దూరానికి కనీసం మూడింతలు ఉండాలి, లేకపోతే ఒకరి గొంతు ఇంకొకరి మైకులో డొల్లగా పడుతుంది.

ఎవరి ట్రాక్ వాళ్లకి విడిగా రికార్డ్ చేయడం తప్పనిసరి. తెలుగులో క్రియ వాక్యం చివర్లో వస్తుంది కదా, పంచ్ చాలాసార్లు అక్కడే ఉంటుంది. రెండోవాడు అర సెకను ముందు నవ్వితే "ఉన్నాడు" అన్నాడో "లేడు" అన్నాడో తెలీదు. ట్రాకులు విడిగా ఉంటే ఆ నవ్వుని వెనక్కి జరపొచ్చు. చీటీకి పల్చటి కాగితం వద్దు, గరగర మైకులో పడుతుంది. అట్టముక్క మేలు. మైకు ముందు పూతరేకులు అసలే తినకండి.

చాయ్_పౌనా:
అట్టముక్క మీద ఒకటి ఎక్కువ రాయుర్రి. "అంట"ను కథ మొదట్ల పెడితే రీల్ కోసేటోడు ముందు దాన్నే కోస్తడు. "పదమూడేండ్లకే గుర్రమెక్కిండంట" అని పంచ్‌లనే అతికించాలె.