టైముకి ఒక్క పనీ కావట్లా, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్టు) దగ్గరికి వెళ్తే ఉపయోగం ఉంటదా?

పొదిలి పిల్ల:
అందరికీ నమస్తే. నెల్లూరులో హాస్టల్లో ఉండి బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నా. ఇంట్లో ఉన్నప్పుడు లేపడం, జడెయ్యడం, బ్యాగు సర్దడం అన్నీ అమ్మే చేసేది కాబట్టి తెలియలా, ఇక్కడికొచ్చాక ఏ పనీ టైముకి కావట్లా. బట్టలు బకెట్లో నానబెట్టి మర్చిపోయి రెండ్రోజులకి వాసనొస్తే చూస్తా. ల్యాబ్ రికార్డు నాలుగు పేజీలు రాసేసరికి బొటనవేలు దగ్గర లాగేస్తది, ఎంత నొక్కి రాస్తానంటే వెనక పేజీ తడిమితే అక్షరాలు చేతికి తగులుతాయి. పోయిన సెమిస్టర్లో వచ్చిన ప్రశ్నే రాయడానికి టైం చాలక వదిలేసొచ్చా. సారు బద్ధకం అంటాడు, నాన్న ఫోన్ పక్కన పెట్టు అంటాడు, కానీ చిన్నప్పటినుంచీ నేనింతే. ఒక డాక్టరమ్మ ఆక్యుపేషనల్ థెరపిస్టుని కలవమంది. అది పక్షవాతం వచ్చినోళ్ళకి, చిన్నపిల్లలకి కదా, నాకెందుకు?

కావలి ఓటీ:
చెల్లీ, మాది కావలి, చెన్నైలో ఓటీగా చేస్తున్నా. ఆక్యుపేషన్ అంటే ఇక్కడ ఉద్యోగం కాదమ్మా, పొద్దున లేచిన కాడ్నుంచి నువ్వు చేసుకోవాల్సిన పనులన్నీ. నువ్వు రాస్తుంటే పక్కన కూర్చుని చూస్తాం, పెన్ను ఎట్టా పట్టుకున్నావు, బొటనవేలు చూపుడువేలి మీదికెక్కిందా, మోచెయ్యి బల్ల మీద ఆనుతుందా గాల్లో ఉందా అని. దాన్నిబట్టి కొందరికి లావు పెన్నో రబ్బరు గ్రిప్పో సరిపోద్ది, కొందరికి కుర్చీ ఎత్తు మార్చాలి. ఇక బట్టలంటావా, ఉతకడం ఒక్క పనిగా కనపడుద్ది గానీ నానబెట్టడం, గుర్తుపెట్టుకోవడం, మళ్ళీ రావడం, జాడించడం, ఆరేయడం ఇన్ని ఉన్నాయి, నీకు తెగుతుంది నానబెట్టాక మళ్ళీ వచ్చేకాడ. బకెట్ బాత్రూంలో వదలకుండా గది గుమ్మం దగ్గర పెట్టి అరగంటకి అలారం పెట్టు, కాలికి తగిలితే గుర్తొస్తది. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, మర్చిపోవడం ఎక్కువగా ఉండే సమస్య) లాంటిది ఉందేమో తేల్చాల్సింది మాత్రం సైకియాట్రిస్టు, మందులు మేం ఇవ్వం. ఇది బద్ధకం కాదు, ఆ మాట మనసులోంచి తీసెయ్.

ఒంగోలు మేడం:
నేను లెక్చరర్ని. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో లెర్నింగ్ డిజెబిలిటీ, అంటే చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ఇబ్బంది కూడా ఒకటి. అట్టాంటిదేదైనా తేలి సర్టిఫికెట్ వస్తే, పరీక్షకి స్క్రైబునీ (నువ్వు చెప్తుంటే రాసిపెట్టే మనిషి), గంటకి 20 నిమిషాలు ఎక్కువ టైమునీ అడగొచ్చు, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. మా పిల్లల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు, ఫెయిలయ్యాక ఏడుస్తారు. పరీక్షల ముందు కాదు, ఇప్పుడే కదులు తల్లీ. దిగులెక్కువైతే 14416కి చెయ్, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్ లైన్ టెలీమానస్, వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

నెల్లూరోడు:
నెల్లూరులోనే వికలాంగులకి సాయం చేసే సెంట్రల్ గవర్నమెంట్ కేంద్రం సీఆర్‌సీ ఉంది, సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ కింద నడుస్తది. నీ వయసు వాళ్ళని ఓటీ ఏరోజు చూస్తారో ముందు కనుక్కుని పో.

పొదిలి పిల్ల:
అందరికీ థాంక్సండీ. బకెట్ గుమ్మం దగ్గర పెట్టా, ఈ ఆదివారం మొదటిసారి బట్టలు అదేరోజు ఆరేశా. అక్కా, వెళ్ళేటప్పుడు రికార్డు తీసుకెళ్ళాలా?

కావలి ఓటీ:
రికార్డూ, రోజూ రాసే పెన్నూ రెండూ తీసుకెళ్ళు. కొత్త పెన్ను కొనుక్కుని పోవద్దు.