రాత్రికి రాత్రే ఛార్జ్ కరిగిపోతే ముందు వెతకవలసింది యాప్‌లలోనా, మోడెమ్‌లోనా?

నాగావళి (శ్రీకాకుళం):
నా పైన్‌ఫోన్ అనే లినక్స్ ఫోన్‌లో పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోంది. పడుకునే ముందు నిండా ఛార్జ్ చేసి పెట్టినా, ముట్టుకోకుండానే తెల్లారేసరికి సగానికి పైగా అయిపోతోంది. ఏ ప్రోగ్రామ్ ఎంత కరెంటు తింటోందో అంచనా వేసే పవర్‌టాప్‌తో చూసి, ఎక్కువగా తినేస్తున్న ప్రోగ్రామ్‌లను ఒక్కొక్కటిగా తొలగించడమే సరైన పద్ధతని నా నమ్మకం. టవర్‌తో మాట్లాడే భాగమైన మోడెమ్ జోలికి వెళ్తే కాల్స్ రావు. అప్పుడిక అది ఫోన్ ఎలా అవుతుంది?

చంపావతి (విజయనగరం):
నాగావళి గారూ, నేను ఒప్పుకోలేను. పవర్‌టాప్ చెప్పేది ప్రధాన ప్రాసెసర్ మేలుకుని ఉన్నప్పటి సంగతి. మీ ఛార్జ్ పోతున్నది ఫోన్ పడుకోవలసిన వేళలో. పైన్‌ఫోన్‌లోని క్వెక్టెల్ ఈజీ25-జీ మోడెమ్‌కు సొంత ప్రాసెసర్ ఉంది, అందులో వేరే లినక్స్ నడుస్తుంది. ప్రధాన ప్రాసెసర్ ఆల్‌విన్నర్ ఎ64 నిద్రలోకి జారుకున్నా, కాల్ వచ్చినప్పుడు దాన్ని లేపవలసింది మోడెమే కనుక అది మేలుకునే ఉంటుంది. అది లాగే కరెంటు మీ ప్రోగ్రామ్‌ల జాబితాలో ఎక్కడా కనిపించదు. మా మండువా ఇంటి లోపలి గదిలో సిగ్నల్ సరిగా అందదు. టవర్ కోసం వెతుక్కునే మోడెమ్ ఎంత లాగుతుందో అక్కడే నాకు తెలిసివచ్చింది.

అయితే మోడెమ్ మీద నింద వేయడానికి ముందు, ఫోన్ అసలు నిద్రపోయిందా అన్నది తేల్చుకోవాలి. ఉదయాన్నే కెర్నల్ లాగ్‌లో, అంటే సిస్టమ్ తన పనులు రాసుకునే చిట్టాలో, ఫోన్ నిద్రలోకి వెళ్లినప్పుడల్లా పడే ‘సస్పెండ్ ఎంట్రీ’ అన్న పంక్తులు ఎన్ని ఉన్నాయో లెక్కించండి. ఒక్కటీ లేకపోతే ఏదో ప్రోగ్రామ్ నిద్రను అడ్డుకుంటున్నదన్న మాట, అప్పుడు మీ వాదనే గెలుస్తుంది. పదుల సంఖ్యలో ఉంటే పడుకున్న ఫోన్‌ను మాటిమాటికీ ఏదో లేపుతోంది. ఒకటో రెండో ఉండి కూడా ఛార్జ్ పోతుంటే, నా అనుమానం మోడెమ్ మీదే.

నాగావళి:
లాగ్ చూడడం న్యాయంగానే ఉంది. కానీ కరెంటును నేరుగా చూపే ‘కరెంట్ నౌ’ ఫైలు ఉండగా ఇంత తిరుగుడు ఎందుకు?

చంపావతి:
ఆ ఫైలు చదవాలంటే ఫోన్ మేలుకోవాలి, కాబట్టి అందులో నిద్ర లెక్క దొరకదు. దాని విలువ మైక్రో ఆంపియర్లలో ఉంటుందని కూడా గమనించండి. 3,00,000 అని కనిపిస్తే 300 మిల్లీ ఆంపియర్లు. 3,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఆ లెక్కన పది గంటల్లో ఖాళీ అవుతుంది. నిద్రలో ఖర్చు తెలియాలంటే, తగ్గిన ఛార్జ్‌ను గడిచిన గంటలతో భాగించడమే మార్గం. ఒక రాత్రి మామూలుగానూ, మరో రాత్రి వెనుక మూత కింద ఉన్న మోడెమ్ స్విచ్ ఆపివేసీ, ఫోన్‌ను అదే గదిలో అదే చోట ఉంచి చూడండి. రెండు రాత్రుల తేడా మోడెమ్ వాటా.

నాగావళి:
మందసలో మా అమ్మ ఒంటరిగా ఉంటుంది. ఒక్క రాత్రయినా కాల్ అందకుండా ఉండడం నాకు కుదరదు.

చంపావతి:
ఆ రాత్రికి సిమ్‌ను ఏదైనా మామూలు ఫోన్‌లో వేసి తలగడ పక్కనే పెట్టుకోండి. అమ్మగారి కాల్ అందులో మోగుతుంది, పైన్‌ఫోన్ తన లెక్క చెబుతుంది.