నాలుగు సెంటీమీటర్లు తక్కువైతే రైడ్ ఎక్కనివ్వరా? పిల్లల ఎత్తు నిబంధనపై చర్చ

మియాపూర్ నాన్న:
మొన్న సెలవుల్లో పిల్లల్ని ఒక పెద్ద పార్కుకు తీసుకెళ్లాం. మావాడికి తొమ్మిదేళ్లు, ఎత్తు 136 సెంటీమీటర్లు. రోలర్ కోస్టర్‌కి 140 ఉండాలట. మా తోడల్లుడి కొడుకు వాడికంటే నాలుగు నెలలు చిన్న, కానీ పొడుగు. క్యూ అంతా నిలబడ్డాక చివర్లో కొలిచారు. వాడు దర్జాగా ఎక్కాడు, మావాడు గేటు దగ్గరే ఏడుపు. పక్కన నేను కూర్చుంటానన్నాను, ఏం జరిగినా బాధ్యత నాదేనని రాసిస్తానన్నాను, ససేమిరా అన్నారు. నా పిల్లాడు భయపడతాడో లేదో, చెప్పిన మాట వింటాడో లేదో నాకు తెలుస్తుందా, గోడకు కొట్టిన గీతకు తెలుస్తుందా? కాస్త తేడా ఉన్నప్పుడు నిర్ణయం కన్నవాళ్లకు వదిలేయాలని నా వాదన. మీరేమంటారు?

పాత ఆపరేటర్:
చాలా ఏళ్లు రైడ్ల దగ్గర పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా అన్నా. ఆ గీత ధైర్యాన్ని కొలవదు, బుద్ధిని కొలవదు. ఆ సీటుకి, మనిషిని పట్టి ఉంచే దాని బార్‌కి పిల్లాడి ఒళ్లు సరిపోతుందా లేదా, అదొక్కటే చూస్తుంది.

భుజాల మీంచి దిగే హార్నెస్ సంగతి తీసుకోండి. అది ఎంత కిందికి లాగినా ఒక చోట ఆగిపోతుంది. పిల్లాడి భుజం దానికంటే కిందే ఉంటే మధ్యలో ఖాళీ మిగులుతుంది. బండి పైనుంచి దూకేటప్పుడు ఒళ్లు సీటు మీంచి లేస్తుంది కదా, అప్పుడు వాడు ఆ ఖాళీలోకి లేస్తాడు. తర్వాతి మలుపులో దవడ, చెవులు హార్నెస్‌కి కొట్టుకుంటాయి. ఒళ్లో పడే బార్‌తో ఇంకో గొడవ. కాళ్లు కింద ఆనని పిల్లలు బ్రేక్ పడగానే ముందుకు జారతారు. తొడల మీద ఉండాల్సిన బార్ పొట్ట మీదికొస్తుంది. ఇంకా జారితే దాని కిందినుంచి బయటికే.

పక్కన నేను కూర్చుంటానన్నారు. ఇద్దరికీ కలిపి ఒకే బార్ ఉన్న బండిలో అదే అన్నిటికంటే ప్రమాదం. బార్ మీ తొడ తగలగానే ఆగిపోతుంది. పిల్లాడి తొడ దగ్గర జానెడు ఖాళీ అలాగే ఉంటుంది. చెయ్యి అడ్డం పెట్టి ఆపుదామంటే, ఆ విసురులో పిల్లాడు ఉన్న బరువుకి రెండు మూడు రెట్లు తూగుతాడు. ఏ తండ్రి చెయ్యీ ఆపలేదు.

ఆ 140 అనేది పార్కువాళ్లు సరదాగా రాసుకున్న అంకె కాదు. రైడ్ తయారుచేసిన కంపెనీ, ఒళ్లు ఏ దిక్కుకి ఎంత బలంతో విసిరేయబడుతుందో లెక్కగట్టి, దానికి తగ్గ బార్ పెట్టి, ఆ బార్ ఎవరిని పట్టి ఉంచగలదో చెప్తుంది. అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్2291, యూరప్‌లో ఈఎన్ 13814 అనే భద్రతా ప్రమాణాలు ఇలాంటి లెక్కల కోసమే ఉన్నాయి. మన దేశంలో ప్రమాణాలు పెట్టే బీఐఎస్‌కి కూడా ఐఎస్ 15475 అని ఒక ప్రమాణం ఉంది. కంపెనీ ఇచ్చిన హద్దుని పార్కు పెంచుకోవచ్చు, తగ్గించకూడదు. మీరు రాసిచ్చే కాగితం కోర్టులో పనికొస్తుందేమో గానీ పిల్లాణ్ణి సీట్లో పట్టి ఉంచదు.

ఇంకో మాట. గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడి మీద ఎంత ఒత్తిడి ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. బూట్లలో టిష్యూ పేపర్లు కుక్కి తెస్తారు. జుట్టు పైకెత్తి ముడి వేస్తారు. పిల్లలు మడమలు లేపి నిలబడితే వెనకనుంచి తల్లి వీపు నిమురుతూ ఉంటుంది. "మడమలు ఆనించు నాన్నా" అని కర్ర తల మీద ఆనిస్తే, వెనక క్యూలో ఉన్నవాళ్లంతా ఆ కుర్రాణ్ణే తిడతారు. ఇవాళ నాలుగు వదిలేస్తే రేపు ఆరు వదలమంటారు.

టాంపా అమ్మ:
ఆపరేటర్ గారి మాటే నాదీ. ఇక్కడ ఫ్లోరిడాలో మేమంతా పిల్లల ఎత్తు తలుపు చాటున గీసుకుని, దాన్ని బట్టే టికెట్లు కొంటాం. డిస్నీలో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కి 44, ట్రాన్‌కి 48. యూనివర్సల్‌లో హల్క్‌కి 54, అంటే 137 సెంటీమీటర్లు. ఇవన్నీ ఇంట్లో కూర్చునే ఫోన్‌లో చూసుకోవచ్చు. పిల్లాడు సరిపోకపోతే రైడర్ స్విచ్ ఉంది. ఒకరు పిల్లాడితో బయట ఉంటే ఇంకొకరు ఎక్కి వస్తారు, తర్వాత రెండోవాళ్లు మళ్లీ మొదటినుంచి క్యూ కట్టక్కర్లేదు. మియాపూర్ నాన్న గారూ, మీకు నిజంగా అన్యాయం జరిగింది క్యూ మొదట్లో కొలత పెట్టకపోవడం వల్ల. పిల్లాణ్ణి ఆశపెట్టి చివర్లో ఆపడం తప్పే. అది అడగండి, గట్టిగా అడగండి.

హనుమకొండ వకీలు:
ఎత్తు నియమం ఉండాల్సిందే. కానీ ఎత్తు దాటితే చాలు, ఇక భయం లేదు అనుకోవడాన్ని నేను ఒప్పుకోను. ఈ థ్రెడ్ అటే పోతోంది.

2016లో అమెరికాలోని కాన్సస్ సిటీలో వెర్రూక్ట్ అనే వాటర్ స్లైడ్ మీద పదేళ్ల బాలుడు చనిపోయాడు. 168 అడుగుల ఎత్తు, ముగ్గురు కూర్చునే తెప్ప. మొదట 14 ఏళ్లు నిండాలన్నారు, తర్వాత ఆ వయసు నియమం తీసేసి 54 అంగుళాల ఎత్తు చాలన్నారు. అసలు లోపం డిజైన్‌లోనే ఉంది, తెప్ప గాల్లోకి లేచేది. ఎత్తు గీత దాన్నేం ఆపుతుంది? 2022లో ఓర్లాండోలో ఫ్రీ ఫాల్ టవర్ నుంచి 14 ఏళ్ల కుర్రాడు పడిపోయాడు. ఎత్తు ఆరడుగుల పైమాటే. సమస్య బరువు. తయారీ కంపెనీ 130 కిలోలు మించొద్దంది. పైగా ఆ సీటు సెన్సర్‌ని మార్చి, హార్నెస్ పూర్తిగా దిగకపోయినా రైడ్ కదిలేలా చేశారని విచారణలో తేలింది. 2021లో కొలరాడోలో ఒక గని రైడ్‌లో ఆరేళ్ల పాప పోయింది. సీటు బెల్టు మీదే కూర్చుంది, పెట్టుకోలేదు, సిబ్బంది గమనించలేదు.

మూడు చోట్లా ఎత్తు గీత అడ్డుపడలేదు. అందుకే నా పట్టు ఇది: ఎత్తుతో పాటు బరువు, కొన్ని రైడ్లకు వయసు కూడా రాయాలి, గేటు దగ్గర ఒక టెస్ట్ సీటు పెట్టాలి, బెల్టు ప్రతి ఒక్కరిదీ చేత్తో లాగి చూడాలి. ఇదంతా చట్టం చూసుకుంటుందనుకుంటే, అమెరికా చట్టంలోనే ఖాళీలున్నాయి. 1981 నుంచి ఒకచోట స్థిరంగా ఉండే పార్కుల రైడ్ల మీద అక్కడి ఫెడరల్ వినియోగదారుల భద్రతా సంస్థకు అధికారం లేదు. ఊరూరా తిరిగే వాటి మీద మాత్రమే ఉంది. మిగతాదంతా రాష్ట్రాల ఇష్టం.

మియాపూర్ నాన్న:
వకీలు గారూ, నేనన్నదీ అదే కదా, ఎత్తు ఒక్కటీ చాలదని!

హనుమకొండ వకీలు:
కాదండీ. చాలదు కాబట్టి ఇంకా నియమాలు కలపాలంటున్నాను. చాలదు కాబట్టి ఉన్నది సడలించాలంటున్నారు మీరు.

బెజవాడ పొట్టమ్మాయి:
మీ చర్చలో ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి చెప్తాను. నాకు పుట్టుకతో అకాండ్రోప్లేసియా, అంటే కాళ్లూ చేతుల ఎముకలు పొడుగు పెరగని స్థితి. ముప్పై దాటాయి, ఉద్యోగం చేస్తాను, నా ఎత్తు 128. ఒక పార్కులో నన్ను చిన్నపిల్లల రైడ్లకు పెద్దదానివన్నారు, పెద్దవాళ్ల రైడ్లకు పొట్టిదానివన్నారు. కూర్చుంటే నా నడుం పైభాగం మీ అందరి లాగే ఉంటుంది, కాళ్లే పొట్టి. భుజాల హార్నెస్ నాకు సరిగ్గా పట్టవచ్చు. నిలబెట్టి కొలిస్తే ఆ సంగతి ఎలా తెలుస్తుంది? నాకోసం నియమం తీసెయ్యమని అడగడం లేదు. టెస్ట్ సీటులో కూర్చోబెట్టి చూడండి అంటున్నాను. కుదరకపోతే నేనే దిగిపోతాను.

పాత ఆపరేటర్:
మీరన్నది న్యాయం అక్కా. కానీ గేటు దగ్గరి కుర్రాడు కంపెనీ మాన్యువల్ దాటి అనుమతి ఇవ్వలేడు. రైడ్ వారీగా, కాళ్లు ఎక్కడ ఆనాలి, బార్ ఎక్కడ పడాలి అన్నది కంపెనీయే రాసివ్వాలి. పార్కులు అడిగితే కంపెనీలు ఇస్తాయి. అడగాలన్న ఆలోచనే మన దగ్గర తక్కువ. ఇక మియాపూర్ అన్నా, మీవాడు పొట్టేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం తొమ్మిదేళ్ల మగపిల్లల మధ్యస్థ ఎత్తు దాదాపు 133, పదేళ్లకు 138. ఆ లెక్కన ఒక ఏడాది ఆగితే గీత దాటేస్తాడు. ఆ మాట వాడికి చెప్పండి, తోడల్లుడి కొడుకుతో పోల్చకుండా.

ఏలూరు తిరునాళ్ల:
పెద్ద పార్కుల్లో నాలుగు సెంటీమీటర్ల గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం, బాగానే ఉంది. మరి మన తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో? కొలంబస్ ఎక్కేచోట కర్ర ఎప్పుడైనా చూశారా? ఒకే కడ్డీ కింద అమ్మ, నాన్న, మధ్యలో మూడేళ్ల పాప. పడవ పైకి లేచినప్పుడు ఆ పాప చున్నీ పట్టుకుని వేలాడుతుంది. జెయింట్ వీల్ తొట్టిలో పిల్లలు నిలబడితే కిందనుంచి ఫొటోలు తీస్తాం.

2019లో అహ్మదాబాద్ కాంకరియా దగ్గర లోలకం లాంటి రైడ్ విరిగి ఇద్దరు పోయారు. 2022లో మొహాలీ మేళాలో టవర్ రైడ్ జనంతో సహా ఒక్కసారిగా కిందపడింది. 2025 జనవరిలో మన నుమాయిష్‌లోనే ఒక రైడ్ ఆగిపోయి జనం తలకిందులుగా వేలాడారు. అవి యంత్రం లోపాలు, ఎత్తు వల్ల కాదు, నిజమే. కానీ యంత్రం మొరాయించినప్పుడు మనిషిని పట్టి ఉంచాల్సింది ఆ బార్, ఆ బెల్టే. అది పట్టని పిల్లాణ్ణి ఎక్కించాక యంత్రాన్ని తిట్టి లాభం ఏముంది?

వకీలు గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. తిరునాళ్లలో రైడ్లు పెట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడు ప్రతి రైడ్ దగ్గర ఎత్తు బోర్డు, కొలత కర్ర ఉండాలని ఒక షరతు రాయించడానికి ఎవరికి అర్జీ పెట్టాలి? కలెక్టర్‌కా, పోలీసులకా? తీరు చెబితే మా వీధి వాళ్లందరి సంతకాలు నేను సేకరిస్తాను.