కొత్త గాయకులను పరిచయం చేసేటప్పుడు సినిమా పాటలను పక్కన పెట్టాలా?

కృష్ణాతీరం

"కొత్తగా వినడానికి మంచి పాటలుంటే చెప్పండి" అని ఎవరైనా అడగగానే ఈ నెల విడుదలైన సినిమా పాటల పేర్లు వరుసగా చెప్పేస్తున్నాం. నాకు ఇది సరిగా తోచడం లేదు. సినిమా రావడానికి వారాల ముందే దాని లిరికల్ వీడియో వచ్చేస్తుంది. ఆ పాట టీవీలో, ఎఫ్ఎంలో, పెళ్ళి ఊరేగింపులో, టీకొట్టు దగ్గర మోగుతూనే ఉంటుంది. వద్దన్నా చెవిన పడే పాటను మళ్ళీ మనం చెప్పడం దేనికి? సొంత డబ్బుతో స్టూడియో అద్దె కట్టుకుని పాట చేసి, దాన్ని ఎవరు వింటారా అని ఎదురుచూసేవారికి కదా మన మాట అక్కరకు రావలసింది!

అందుకే నా వాదన ఇది. కొత్త పాట అడిగినవారికి సినిమాతో సంబంధం లేని పాటే చెప్పాలి. పాడినవారి పేరు, వాయించినవారి పేర్లు తెలిస్తే అవి కూడా చెప్పాలి. ఎందుకు నచ్చిందో రెండు వాక్యాలు రాయాలి.

నా వంతుగా దర్శనం మొగిలయ్య గారి పేరు చెబుతున్నాను. నాగర్‌కర్నూలు జిల్లా కళాకారుడు. పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం వాయిస్తూ, పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడతారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పాడుతుంటే ఒక్కో పాదం చివర గొంతు ఆగిన చోట కిన్నెర అందుకుంటుంది. కథలో తరువాత ఏం జరగబోతుందో ఆ తీగె ముందే చెబుతున్నట్టు ఉంటుంది. తొందర లేని రోజున, ఫోను పక్కన పడేసి వినండి.

పల్లవి_చరణం

కృష్ణాతీరం గారూ, మీరు ఎంచుకున్న పేరే మీ వాదనకు అడ్డు వస్తోంది. మొగిలయ్య గారి గొంతు ఈ రాష్ట్రాల్లో చాలామంది మొదటిసారి విన్నది 2021లో వచ్చిన "భీమ్లా నాయక్" పాట మొదట్లోనే. కిన్నెర అనే వాద్యం ఒకటుందని మా కోనసీమలో ఎంతోమందికి ఆ రోజే తెలిసింది. రాయలసీమ జానపదాన్ని నిలబెట్టిన పెంచల్ దాస్ గారి సంగతీ అంతే. 2018లో "కృష్ణార్జున యుద్ధం"లో పాడిన తరువాతే ఆయన యాస గుంటూరు, విశాఖ పిల్లల నోళ్ళలో పడింది.

రామ్ మిరియాల గారి విషయంలో ఏం చేద్దామంటారు? చౌరస్తా బృందంతో పాడిన పాటలైతే చెప్పవచ్చు, "డీజే టిల్లు"కు కట్టి పాడిన పాట చెప్పకూడదా? మనిషి ఒక్కరే, గొంతూ ఒక్కటే. రాహుల్ సిప్లిగంజ్ గారు సొంతంగా వీడియోలు చేసుకుంటూ వచ్చినవారు. ఆయన పాడిన పాటకు 2023లో ఆస్కార్ వచ్చింది కనుక ఇక ఆయన పేరు ఎత్తకూడదా?

ఇంకో మాట. సినిమా పాటలోనూ ఎవరికీ తెలియనివారు ఉంటారు. కోరస్ పాడేవారు, షెహనాయి ఊదేవారు, డప్పు కొట్టేవారు. వాళ్ళ పేర్లు చాలాసార్లు యాప్‌లో కనిపించను కూడా కనిపించవు. మన సిఫారసు వాళ్ళకు అక్కర్లేదా?

కృష్ణాతీరం

సినిమా మొగిలయ్య గారి గొంతును ఊరూరికీ చేర్చింది, నిజమే. ఎంత చేర్చింది? పాట మొదట్లో కొన్ని పాదాలు. ఆ వెంటనే హీరో పేరు, డప్పుల మోత. కిన్నెర కథ గంటల తరబడి సాగేది. ఆ కొన్ని పాదాలు విని, అక్కడి నుంచి అసలు కథ వెతుక్కుని వినేవరకు వెళ్ళినవారు మీకు ఎంతమంది తెలుసు? నాకు తెలిసినవారిలో ఎక్కువమంది సినిమా పాట దగ్గరే ఆగిపోయారు. నేను బాధపడేది దానికే. అక్కడి నుంచి ముందుకు తీసుకువెళ్ళడం యాప్ చేయదు, ఎందుకంటే దానికి తెలిసింది ఇప్పటికే ఎక్కువమంది విన్నదాన్ని ఇంకొకరికి చూపడమే. ఆ పని మనిషే చేయాలి.

తంబురశ్రుతి

మీ ఇద్దరి చర్చ సినిమా, జానపదం అనే రెండు గట్ల మధ్యే నడుస్తోంది. తెలుగులో మూడో దారి ఒకటి ఉండేది. 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, పాలగుమ్మి విశ్వనాథం గారు లలిత సంగీతాన్ని ఇంటింటికీ చేర్చారు. పొద్దున భక్తిరంజని వినబడని వీధి ఉండేది కాదు. "ఈ మాసపు పాట" అని ఒక కార్యక్రమం వచ్చేది. ఒక్క పాటను ఎంచి, నెలంతా మళ్ళీ మళ్ళీ వినిపించేవారు. నెల తిరిగేసరికి ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు ఆ పాటను తప్పు లేకుండా పాడేవారు. అంతకు మించిన సిఫారసు నేను చూడలేదు.

ఇప్పుడు మన బంధువుల గ్రూపులో ఒకరే రోజుకు పది పాటలు పంపుతారు. వాటిలో నాలుగు శాస్త్రీయం, మూడు సినిమా, మిగతావి ఏమిటో పంపినవారికే తెలియదు. సినిమా పాటా కాదా అన్నది నాకు రెండో ప్రశ్న. ఎన్ని పంపుతున్నామన్నది మొదటిది. నెలకు ఒక్కటి చెప్పండి. దాన్ని మీరే ఓ పదిసార్లు విన్న తరువాత చెప్పండి.

"కొత్త" అంటే నిన్న విడుదలైనదే కానక్కర్లేదు. అన్నమయ్య కీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి. రేకుల మీద రాగాల పేర్లున్నాయి గానీ స్వరాలు లేవు. మనం ఇప్పుడు వింటున్న బాణీల్లో ఎక్కువ భాగం గడిచిన వందేళ్ళలో కట్టినవి. నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టినవి ఉన్నాయి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు కట్టి పాడినవి ఉన్నాయి. సాహిత్యం పదిహేనో శతాబ్దానిది, సంగీతం మన నాన్నల కాలానిది. నా నెల సిఫారసు మల్లాది సోదరులు. నేదునూరి గారి శిష్యులు. గురువుగారి బాణీని ఇద్దరు గొంతులు కలిపి పాడుతున్నప్పుడు, ఒకరు సాహిత్యాన్ని పట్టుకుని నిలబడితే రెండోవారు రాగంలోకి వెళ్ళి వస్తారు. కర్ణాటక సంగీతం తెలియదని భయపడేవారు కూడా అన్నమయ్యతో మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే మాటలు అర్థమవుతాయి.

డల్లాస్_శ్రోత

పెద్దలు నన్ను మన్నించాలి, నాకు ఈ చర్చలో ఒకటి లోపించినట్టు అనిపిస్తోంది. అందరూ పాట గురించే మాట్లాడుతున్నారు. వినబోయే మనిషి ఎవరు?

మా పిల్లలు ఇక్కడే పుట్టారు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ. వారాంతంలో తెలుగువారి ఇళ్ళకు వెళితే వాళ్ళకు వినిపించేది సినిమా పాట ఒక్కటే. ఆ పాట కోసమే మా అబ్బాయి "ఈ మాటకు అర్థం ఏమిటమ్మా" అని అడుగుతాడు. ఆ అడగడాన్ని నేను వదులుకోలేను. వాడికి ర్యాప్ ఇష్టం. గొంతు వేగం, మాటల విరుపు ఇష్టం. అందుకని వాడికి గోరటి వెంకన్న గారు సభలో పాడిన వీడియో చూపించాను. వాద్యాలు పెద్దగా లేవు, మాటలే ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వస్తాయి. సగం మాటలు వాడికి తెలియవు, అయినా కదలకుండా విన్నాడు. అదే మా అమ్మాయికి చూపిస్తే లేచి వెళ్ళిపోయింది. ఆమెకు వీణ ఇష్టం.

"అద్భుతం, తప్పక వినండి" అని రాస్తే నాకు ఏమీ తెలియదు. పాట ఎంతసేపు ఉంటుంది? మాట ముఖ్యమా, వాద్యం ముఖ్యమా? కారులో వినేదా, కూర్చుని వినేదా? తెలుగు కొద్దిగా వచ్చినవారికి అందుతుందా? ఇవి చెప్పండి. సినిమాదా కాదా అన్నది ఆ తరువాత చూసుకుంటాను.

వరంగల్_కీబోర్డు

నేను వాయించి బతికేవాణ్ణి. పెళ్ళిళ్ళు, బతుకమ్మ సభలు, అప్పుడప్పుడు స్టూడియో రికార్డింగు. మిత్రులతో కలిసి సొంత పాటలూ చేస్తాను. మా వైపు నుంచి కొన్ని సంగతులు చెబుతాను.

స్పాటిఫైలో ఒక పాటను కనీసం 30 సెకన్లు వింటేనే విన్నట్టు లెక్క. 2024 నుంచి ఇంకో నియమం వచ్చింది. అంతకు ముందు 12 నెలల్లో 1000 సార్లు వినబడని పాటకు అక్కడ రాబడి లెక్కగట్టరు. కోట్లలో వినబడే సినిమా పాటకు ఈ 1000 ఒక అంకె కాదు. ఒక చిన్న ఊరి గాయనికి అది పెద్ద గడప. మీరు చెప్పిన మాట విని నలభై మంది తలా పాతికసార్లు వింటే దాన్ని దాటేస్తుంది. మనుషులు చేసే సిఫారసుకు ఇంత విలువ ఉందని చాలామందికి తెలియదు.

రెండో సంగతి ఇంతకంటే ముఖ్యం. దయచేసి పాటను ఫైలుగా మార్చి వాట్సాప్‌లో పంపకండి. ఫైలు నాలుగు చేతులు మారేసరికి పాడినవారి పేరు పోతుంది, రాసినవారి పేరు పోతుంది, చివరికి "జానపదం" అన్న మాట ఒక్కటే మిగులుతుంది. ఆ తరువాత అది ఎవరిదైనా కావచ్చు. మా మిత్రుడు రాసి కట్టిన పాటను వేరే ఊళ్ళో ఒక బృందం "పూర్వీకుల పాట" అని వేదిక మీద పాడింది. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకు అలాగే అందింది. లంకె పంపండి, పేరు రాయండి.

కృష్ణాతీరం గారూ, మీ అభిమానానికి నమస్కారం. కానీ సినిమాలో పాడినవారిని పక్కన పెట్టమనకండి. ఒక్క సినిమా రికార్డింగు దొరికితే ఆ నెల మా ఇంటి అద్దె గడుస్తుంది. ఆ డబ్బుతోనే సొంత పాట చేసుకుంటాం.

పల్లవి_చరణం

వరంగల్ మిత్రుడి మాటతో నాకు అసలు గీత ఎక్కడుందో కనిపించింది. సినిమాకూ సినిమా కానిదానికీ మధ్య కాదు, వినేవారు ఉన్న పాటకూ లేని పాటకూ మధ్య ఉంది. తెలంగాణ జానపద వీడియోల్లో కోట్ల వీక్షణలు దాటినవి ఎన్నో ఉన్నాయి. అవి సినిమా పాటలు కావు, అలాగని వాటికి మన ఆసరా అవసరమూ లేదు. మరో పక్క చిన్న సినిమాలు చూడండి. శుక్రవారం విడుదలై సోమవారానికి థియేటర్ల నుంచి వెళ్ళిపోతాయి. వాటితోపాటే మంచి పాటలు కూడా మునిగిపోతాయి. ఆ పాట పాడిన అమ్మాయికి అదే మొదటి అవకాశం అయి ఉండవచ్చు. ఆమె పేరు ఎవరు చెప్పాలి?

కృష్ణాతీరం

మునిగిపోయిన చిన్న సినిమాల సంగతి సబబుగానే ఉంది. అలాంటి పాట తెచ్చి చూపిస్తే నేనే అందరికీ చెబుతాను. అయినా నా పట్టు వదలను, కారణం చెబుతాను. రెండూ చెప్పవచ్చు అని తలుపు తీస్తే సినిమా పాటే నిండిపోతుంది. మన చెవులు దానికి అలవాటు పడ్డాయి, జ్ఞాపకాలు దానితో ముడిపడి ఉన్నాయి. మా కుటుంబ గ్రూపులో "ఏ పాటైనా సరే" అన్నప్పుడు వచ్చినవన్నీ సినిమా పాటలే. "సినిమాది కాకుండా" అని అడిగినప్పుడు మాత్రం మా మేనత్త తన చిన్నప్పుడు నాట్లు వేస్తూ పాడిన పాటను ఫోనులో పాడి పంపింది. ఆ పాట ఆమెకు వచ్చని మాలో ఎవరికీ తెలియదు. కట్టుబాటు పెట్టకపోతే అది బయటికి వచ్చేది కాదు.

ఒక మెట్టు దిగుతాను. సినిమాలో పాడినవారిని చెప్పండి, కానీ వాళ్ళ సినిమా పాటతో ఆపకండి. అదే గొంతు సినిమా బయట పాడిన పాటను దాని పక్కనే పెట్టండి.

ఉత్తరాంధ్ర_గళం

పక్కన పెట్టడానికి పాట ఉన్నవారికి సరే. మా శ్రీకాకుళం వైపు జముకుల కథ చెప్పేవారున్నారు. జముకు అనే వాద్యం మోగించి, రాత్రంతా కథ నడుపుతారు. వాళ్ళలో ఎక్కువమంది పాట ఏ యాప్‌లోనూ లేదు. లంకె అడిగితే నేను ఏమి పంపను? ఊరు పేరు చెబుతాను, జాతర ఎప్పుడో కనుక్కుని రండి. వచ్చినప్పుడు వాళ్ళను అడిగి, ఒప్పుకుంటే రికార్డు చేయండి. పేరు, ఊరు అందులోనే వాళ్ళ చేతనే చెప్పించండి.

తంబురశ్రుతి

బాబూ, చాలా ముఖ్యమైన మాట అన్నావు. లంకె ఉన్నదే సంగీతం అనుకునే రోజులివి. హైదరాబాదు చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ప్రవేశ రుసుము లేని కార్యక్రమాలు ఎన్నో జరుగుతాయి. విజయవాడలోనూ, కాకినాడలోనూ సభలు ఉన్నాయి. ముందు వరసలు ఖాళీగా ఉంటాయి. ఫలానా రోజున ఫలానా అమ్మాయి పాడుతోంది, నాతో రండి అని ఒకరిని వెంట తీసుకువెళ్ళడం కూడా సిఫారసే.

డల్లాస్_శ్రోత

అలా వెళ్ళలేనంత దూరంలో ఉన్నాం కాబట్టి మాకు లంకెలే దిక్కు. కృష్ణాతీరం గారి జంట పద్ధతి మా ఇంటికి సరిపోతుంది. సినిమా పాటతో పిల్లలు దగ్గరికి వస్తారు, రెండో పాటకు నేను పక్కన కూర్చుంటాను. మొదటగా పెంచల్ దాస్ గారితో చేయాలని ఉంది. సినిమా పాట వాళ్ళకు వచ్చు. ఆయన వేదిక మీద పాడిన రాయలసీమ జానపదాల్లో పదేళ్ళవారికి అందే పాట ఏదో తెలిసినవారు చెప్పండి. నిడివి ఐదారు నిమిషాలు దాటకపోతే మంచిది.

పల్లవి_చరణం

రేపు రెండు మూడు విని, మాటలు తేలికగా ఉన్నది ఎంచి పంపుతాను. కష్టమైన పదాలకు అర్థాలు కూడా రాస్తాను. కృష్ణాతీరం గారూ, మేనత్తగారు ఒప్పుకుంటే ఆ నాట్ల పాటను ఆమె పేరు, ఊరు చెప్పించి మళ్ళీ రికార్డు చేయండి. సినిమాకు చోటు ఉండాలన్న నా మాట మీద నేను ఉన్నాను, కానీ ఆ పాట మాత్రం నాకు ముందు వినాలని ఉంది.